ఒత్తు రాలిన మాట

వ అన్నది మాత్రం ఖాయం. బావ కింది పెదవి పైపళ్ళకు ఆనడం అతను కళ్ళారా చూశాడు. ఆక్సిజన్ మాస్కు లోపలంతా ఆవిరి పట్టి మసకగా ఉన్నా అది మాత్రం కనబడింది. ఆ తర్వాత నాలుక కొన పళ్ళ వెనక తగిలింది. అది ద. ఆ ద కింద ఒత్తు ఉందా లేదా, దాని పక్కన ఇంకో అక్షరం ఉందా లేదా, చిక్కంతా అక్కడే వచ్చింది. చివర పెదవులు గుండ్రంగా ముడుచుకున్నాయి. అంటే ఉ. కానీ మన మాటల్లో సగం మాటల చివర ఉ వచ్చి కూర్చుంటుంది. దాన్ని సాక్ష్యానికి పిలిచి లాభం లేదు.

"ఒరేయ్ ఉడతా! కప్పీ పైకొస్తోంది, చూసుకో!"

కింద నుంచి అక్క. అతను ఉలిక్కిపడి చెయ్యి చాచాడు. సన్నతాడు కొసకి కట్టిన ఇనుప కప్పీ ఊగుతూ వచ్చి మోకాలి దగ్గర ఆగింది. దాన్ని అందుకుని, కాండం రెండుగా చీలే పంగ దగ్గర పట్టీతో బిగించాడు. ఆ కప్పీలోంచి వెళ్ళే లావుతాడు ఒక కొస అతని చేతిలో, రెండో కొస రెండంతస్తుల కింద అక్క చేతిలో. మధ్యలో గాలి.

చెట్లు కొట్టేవాడు అంటారు అతన్ని జనం. బావ బతికున్నప్పుడు ఎవరైనా అలా అంటే ఊరుకునేవాడు కాదు. "కొట్టేవాడు వేరు, కోసేవాడు వేరు. కసాయి చేతిలోనూ కత్తే, డాక్టరు చేతిలోనూ కత్తే. డాక్టర్ని పట్టుకుని కసాయి అంటారా?" అనేవాడు. బావ అంటే ఈ అక్క మొగుడే. పని నేర్పింది ఆయనే, ఉడత అని పేరు పెట్టిందీ ఆయనే. మోకాళ్ళు మొరాయించాక ఎక్కడం మానేసి, కింద నిలబడి ఇతని తాడు పట్టుకున్నాడు. పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన తర్వాత తాడు పట్టడానికి వచ్చినవాళ్ళు ఒక్కరూ నిలవలేదు. ఒకడికి ఫోను చూడకపోతే తోచదు, ఇంకొకడు ఎంత చెప్పినా తాడు అరచేతికి చుట్టుకునేవాడు. చివరికి అక్కే చీర కొంగు దోపి, పైన ఆయన చొక్కా తొడుక్కుని, ఆయన హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకుని వచ్చి నిలబడింది. "ఆయన నడుం నొప్పని పడుకున్న రోజుల్లో పట్టింది ఎవర్రా? నా బరువు చూసి కొమ్మే నెమ్మదిగా దిగుతుంది" అంది.

నిజమే. ఆయన తర్వాత తాడు అంత నమ్మకంగా పట్టింది అక్కే. అందుకే అతనికి కింద చూడాలంటే కష్టంగా ఉంది.

రెండో కొక్కెం తగిలించుకున్నాడు. నడుం బెల్టు నుంచి ఒక తాడు పైకొమ్మ మీదుగా, ఇంకొకటి పొట్టిది కాండం చుట్టూ. రెండు చోట్ల కట్టుకుని ఉంటే తప్ప రంపం మీట ముట్టుకోకూడదు. రంపానికి తాడేదో కొమ్మేదో తెలియదు, అది నీకన్నా మొద్దుది, అని బావ మాట. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది. మనిషికి మనిషి విషయంలో ఈ ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. అక్కకి ఆయన ఒక్కడే కొక్కెం. ఇప్పుడు దేని మీద వేలాడుతోందో ఆవిడకే తెలియాలి.

మళ్ళీ ఆ మాట. వద్దు. వదులు.

ఎన్నో ఏళ్ళ కిందట, అతను ఎక్కడం నేర్చుకుంటున్న రోజుల్లో జరిగిన సంగతి అది. ఒక మేడ పక్కన కొమ్మ దించుతున్నారు. కొమ్మ మేడ వైపు తిరిగింది. కింద దండెం మీద దుప్పట్లు, ఆ దండేనికి అవతల ఇంటాయన కొత్తగా కొన్న స్కూటరు. పైనుంచి అతను "వద్దు! వద్దు!" అని అరిచాడు. ఇంకా దించొద్దు అని అతని ఉద్దేశం. రంపం ఇంకా పూర్తిగా ఆగలేదు, గాలి కూడా ఉంది. కింద బావకి "వదులు, వదులు" అని వినబడింది. ఆయన వదిలేశాడు. కొమ్మ దుప్పట్లని చుట్టుకుని, చక్కగా ముస్తాబై, వెళ్ళి స్కూటరు మీద కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటాయన నోట్లోంచి ఆ రోజు వచ్చిన మాటలకి మాత్రం ఏ ఒత్తూ రాలిపోలేదు, అన్నీ స్పష్టంగా వినబడ్డాయి.

బావ ఆ సాయంత్రం మొద్దు మీద కూర్చుని తాడు చుట్టలు వేశాడు. లేచి, "ఇవాళ్టి నుంచి ఆ రెండు మాటలూ బంద్" అన్నాడు.

"ఏ రెండు?"

"నువ్వన్నది ఒకటి, నేను విన్నది ఒకటి. చూడు, ఎంత విడ్డూరమో. ఒకటి పట్టుకోమని, ఒకటి విడిచిపెట్టమని. రెండూ ఒకే కడుపున పుట్టిన కవలల్లాగా ఉన్నాయి. చెట్టు మీద ఇట్లాంటి మాటలు ఉండకూడదు."

అప్పటి నుంచి పట్టుకోమంటే 'బిగి'. దించమంటే 'జారు'. ఏ పక్కనుంచి విన్నా ఒకటి ఇంకోలా వినబడదు. ఒకడు మాట అంటే రెండోవాడు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పేదాకా ఇద్దరూ కదలకూడదు. వినబడకపోతే 'మళ్ళీ' అనాలి. సగం విన్న మాట మీద పని చెయ్యకూడదు, ఇంకొకరికి చేరవెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, 'సరే' అనకూడదు. "సరే అనేది మాట కాదురా. వినబడనివాడు కప్పుకునే గొంగళి" అనేవాడు బావ.

ఆయన ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టే. ఇంట్లో కూడా అమలు పెట్టాడు. భోజనం దగ్గర అక్క మారు వడ్డించబోతే వద్దు అనడు. చాలు అంటాడు. అక్క పడీపడీ నవ్వేది. "చాలు అంటే నాకు చారు అని వినబడుతోంది, పొయ్యనా?" అనేది. "బిగి!" అని ఆయన కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు. అట్లా ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఆ రెండు మాటలూ ఎవరూ అనలేదు. నవ్వులాటగా మొదలై, అలవాటై, ఆ తర్వాత ఆ మాటలు లేవన్న సంగతే మరిచిపోయారు.

అలాంటి మనిషి చివరికి నోరు తెరిచి ఆ రెండింట్లో ఒకటి అన్నాడు.

"కింద?" అని అతను అరిచాడు.

"ఖాళీ!" అంది అక్క. పైకి చూసి కాదు, ముందు చుట్టూ చూసి. కొమ్మ పడే జాగా చుట్టూ ఎర్రరిబ్బను కట్టి ఉంది, వంటింటి తలుపు ముందు నుంచి గోడ దాకా. బండాయన రిబ్బను బయట కొమ్మలు నలిపే మిషను పక్కన నిలబడ్డాడు. వాళ్ళ సామాను బండి నడిపేదీ, దించిన కొమ్మలు లాగి ఆ మిషన్లో వేసేదీ ఆయనే. కిటికీలోంచి ఇంటావిడ తొంగి చూస్తోంది. పొద్దున రాగానే ఆవిడ మొదటి మాట, "ఈ చెట్టుని మొత్తం మొండెం దాకా కొట్టేయండి బాబూ, ఆకులు ఊడ్చలేక నా నడుం పడిపోతోంది" అని. అక్క నెమ్మదిగా, "తల కొట్టేస్తే చెట్టు తల మానదమ్మా, పిచ్చెక్కినట్టు వంద పిలకలు వేస్తుంది. అప్పుడు ఇంతకింత ఆకు ఊడ్చుకోవాలి. గాలికి చీలిన కొమ్మ ఒక్కటే తీస్తాం" అంది. అది కూడా బావ మాటే. అక్క నోట్లోంచి బావ మాటలు అచ్చంగా అలాగే వస్తాయి. అవి విన్నప్పుడల్లా అతనికి చెవి డిప్పలు దించుకోవాలనిపిస్తుంది.

చెవి డిప్పలంటే హెల్మెట్‌కి రెండు పక్కలా ఉండేవి, రంపం మోతకి చెవులు పోకుండా. రంపం ఆపాక పైకెత్తుకోవాలి. అదీ పద్ధతే. ఎత్తుకోకపోతే కిందవాళ్ళ మాట వినబడదు. కొన్ని నెలలుగా అతను రంపం ఆపాక కూడా ఎత్తడం లేదు. ఇవాళ పొద్దున బండిలో కూడా అంతే.

"ఇవాళైనా చెప్తావా?" అని అడిగింది అక్క, రోడ్డు మీదే చూపు పెట్టి.

"ఏం చెప్పను?"

"ఆఖర్న ఏదో అనే ఉంటారాయన."

"ఏమీ అనలేదని చెప్పాగా అక్కా."

"ఊఁ."

ఆ ఊఁ దగ్గర అతను డిప్పలు దించుకున్నాడు. బండాయన అద్దంలో చూసి, "మీ తమ్ముడేంటమ్మా, బండిలో కూడా హెల్మెట్ పెట్టుకుని చెవులు మూసుకుంటాడు. నా డ్రైవింగ్ అంత అన్యాయంగా ఉందా?" అన్నాడు.

"డ్రైవింగ్ కాదు, నీ పాటలకి" అంది అక్క.

అతనికి అంతా వినబడింది. డిప్పలు మోతనే ఆపుతాయి, పక్కన కూర్చున్న మనిషిని ఆపవు.

రంపం మొదలుపెట్టాడు. చీలిన కొమ్మ వంటింటి కప్పు మీదుగా చేయి చాచినట్టు ఉంది. ఒకేసారి కోస్తే బరువుకి విరిగి, కింది బెరడు కాండం పొడుగునా చీరుకుంటూ పోతుంది. అందుకని ముందు కొసల్లో ముక్కలు ముక్కలుగా దించుకు రావాలి. ప్రతి ముక్కకీ ముందు తాడు, తర్వాత కింద నుంచి చిన్న గాటు, ఆ తర్వాతే పైనుంచి కోత. చేతులకి ఇది ఎంత అలవాటంటే, మనసు ఇంకెక్కడో ఉండొచ్చు. ఉండకూడదని తెలుసు. కానీ రంపం మోతలో తప్ప ఆ ఆస్పత్రి గదిలోకి ధైర్యంగా వెళ్ళలేకపోతున్నాడు.

మధ్యాహ్నం అది. కిటికీకి ఆకుపచ్చ తెర. అక్క సీసాలో నీళ్ళు నింపుకు వస్తానని కిందికి వెళ్ళింది. మంచం పక్కన స్టూలు మీద అతను, అతని చేతిలో బావ చెయ్యి. ఆ అరచేతిలో అడ్డంగా తాడు పోయిపోయి పడ్డ గాడి ఉంటుంది, పుట్టుకతో వచ్చిన గీతలన్నిటికన్నా లోతు. ఆ గాడిలో తన బొటనవేలు పెట్టి కూర్చున్నాడు. బావ కళ్ళు తెరిచాడు. మాస్కులో పెదవులు కదిలాయి.

వదు.

అంతే వినబడింది. బలం లేని నోట్లో వద్దు అంటే ఆ ఒత్తు రాలిపోతుంది. ఊపిరి అందని నోట్లో వదులు అంటే ఆ లు రాలిపోతుంది. రాలాక రెండూ ఒకటే మాట.

అన్నాక బావ అతని వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు ఏమిటో అతనికి తెలుసు. తాడు చేతిలో పట్టుకుని, పైవాడు మాట తిరిగి చెప్పేదాకా ఎదురుచూసే చూపు. అనాల్సింది ఒక్కటే. మళ్ళీ. చెట్టు మీద రోజంతా అనే మాట. నోటి చివరిదాకా వచ్చింది.

కానీ అతను నవ్వు మొహం పెట్టి, తల ఊపి, "సరే బావా" అన్నాడు.

దేనికి సరే?

వద్దు అనుంటే ఏది వద్దు? ఆ గొట్టాలా? ఆయన్ని వదిలి వెళ్ళడమా? అక్కకి ఫలానా సంగతి చెప్పడమా? వదులు అనుంటే ఏం వదలాలి? చెయ్యా? ఆయన్నా? లేకపోతే ఆ మాస్కు పట్టీ బిగుతుగా ఉంది, కొంచెం వదులు చెయ్యమనా? ఇది అన్నిటికన్నా చిన్న సంగతి. అన్నిటికన్నా ఎక్కువ నిద్ర చెడగొట్టేదీ ఇదే. తర్వాత మాస్కు తీసినప్పుడు బుగ్గ మీద ఎర్రటి పట్టీ గుర్తు ఉంది. లోతుగా ఉంది. రెండు వేళ్ళతో లాగితే వదులయ్యేది.

ఎందుకు మళ్ళీ అనలేదో అతనికి తెలుసు. అంటే ఆయన మళ్ళీ చెప్పేవాడు. ఈసారి కూడగట్టుకుని, స్పష్టంగా. అది వదులు అయితే? తన చెయ్యి వదలమని ఆయన నోటితో స్పష్టంగా వినడం తనవల్ల కాదు. సగం మాట దగ్గర ఆగిపోతే, పట్టుకుని కూర్చోవచ్చు. పట్టుకుని కూర్చున్నాడు. అక్క నీళ్ళ సీసాతో వచ్చేసరికి నర్సు వచ్చి అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తోంది.

పైకోత పూర్తయింది. కొమ్మ ముక్క కిర్రుమని వంగి, విడిపోయి, తాడు మీద ఊగింది. కింద చెట్టు మొదట్లో కట్టిన ఇనుప దిమ్మకి తాడు మూడు చుట్లు తిప్పి ఉంది. ఆ చుట్లే బరువు మోస్తాయి, చెయ్యి అదుపు మాత్రమే చేస్తుంది.

"జారు!" అని అరిచాడు.

"జారు!" అంది అక్క. కొమ్మ ఒద్దికగా దిగడం మొదలుపెట్టింది.

సగం దారిలో కింద నుంచి ఏదో కేక. రంపం ఆగింది కానీ డిప్పలు దించే ఉన్నాయి. కేక మాత్రమే తెలిసింది, మాట తెలియలేదు. చెయ్యి దానంతట అదే డిప్పలని పైకి నెట్టింది. నోరు దానంతట అదే అరిచింది.

"మళ్ళీ!"

"బిగి! బిగించా! తలుపు దగ్గర, ఆవిడ!"

"బిగి!"

వంటింటి వెనక తలుపు తెరుచుకుని, రిబ్బను కింద నుంచి వంగి, ఇంటావిడ ట్రేలో టీ కప్పులతో లోపలికి వచ్చేసింది. ఆవిడ తలకి పైన కొమ్మ కదలకుండా నిలబడింది. అక్క రెండు చేతులతో తాడు కొసని వెనక్కి లాగి, మడమలు నేలకి తన్నిపెట్టి ఉంది. ముఖంలో రక్తం లేదు. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "అమ్మా, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. పైకి చూడకండి. వెళ్ళండి" అంది.

ఆవిడ పైకి చూసింది. చూశాక పరుగెత్తింది. ఒక కప్పు పడి పగిలింది. తలుపు వేసుకున్నాక లోపల నుంచి, "టీ చల్లారిపోతోందని తెచ్చానండీ!" అని వినబడింది.

బండాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "టీ కోసం ప్రాణం పెట్టేవాళ్ళుంటారని విన్నాను గానీ, ఇదే చూడ్డం."

"నువ్వు నవ్వుతున్నావా? అటువైపు చూడాల్సింది ఎవరు? నువ్వే" అంది అక్క. బండాయన నవ్వు ఆపాడు.

కొమ్మ దిగింది. అక్క తాడు విప్పి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కొంచెంసేపు అలాగే వంగి నిలబడింది. పైనుంచి అతనికి ఆవిడ వీపు, దాని మీద బావ చొక్కా కనబడుతున్నాయి. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ 'మళ్ళీ', అనుకున్నాడు. అడగకపోతే ఎదుటి మనిషి చచ్చిపోతుందేమోనన్న భయంతో వచ్చింది. అక్కడ, ఆ మంచం దగ్గర, అడిగితే చచ్చిపోతాడేమోనన్న భయం. ఆ రెండూ ఒకే భయం కాదని తన నాలుకకి తెలుసన్నమాట.

టీకి దిగాడు. ఈసారి ఇంటావిడ కిటికీలోంచే అందించింది. బండాయన కప్పు పుచ్చుకుని మిషను వైపు వెళ్ళిపోయాడు, అక్క ఎదురుగా కూర్చునే ముఖం లేక. అక్క దించిన మొద్దు మీద కూర్చుని, కప్పు పక్కన పెట్టి, చేతి తొడుగులు తీసి, లావుతాడుని వేళ్ళ మధ్య నుంచి పోనిస్తోంది. ఒక్కసారిగా బరువు పడి ఆగింది కదా, ఎక్కడైనా పోగు తెగిందేమోనని. తాడుకి దెబ్బ తగిలితే కంటికి కనబడదు. ఉత్త వేళ్ళకే గరుకు తెలుస్తుంది, మెత్తబడ్డ చోటు తెలుస్తుంది. కింద పడ్డ హెల్మెట్ కూడా అంతే. పైకి చక్కగా ఉంటుంది, లోపల బీట ఉంటుంది, దాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకోకూడదు.

"ఇందాక మళ్ళీ అన్నావు చూడు" అంది అక్క, తాడు మీంచి కళ్ళు ఎత్తకుండా.

"ఊఁ."

"ఆయనేమనేవారో తెలుసా? వినబడనివాడు మళ్ళీ అంటాడు. మళ్ళీ అనలేదంటే వాడికి వినబడిందనే లెక్క అనేవారు." తాడు ఆగింది, మళ్ళీ కదిలింది. "నేను అడిగినప్పుడల్లా నువ్వు ఆ డిప్పలు దించుకుంటావు. ఒక్కసారీ మళ్ళీ అనవు. నీకు వినబడుతూనే ఉంది."

అతను టీ తాగాడు. వేడి తెలియలేదు.

"నన్ను పిలిచారు కదూ?"

"ఏంటి?"

"నన్ను పిలిచారు. నేను నీళ్ళకి వెళ్ళాను. అంత సేపు ఉన్నదాన్ని, సరిగ్గా అప్పుడే వెళ్ళాను. కుళాయి దగ్గర వరస ఉంటే ముసలాయన ఎవరో ముందు మీరు పట్టుకోండమ్మా అన్నాడు, ఫర్వాలేదులెండి మీరే పట్టుకోండి అన్నాను. మర్యాదకి పోయాను. ఆయన పిలిస్తే నేను లేను. అదేగా నువ్వు దాస్తున్నది? చెప్పు, ఏడవను. ఏడవాల్సిందంతా అయిపోయింది."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. అంటే ఇన్నాళ్ళూ ఆవిడ ఆ కుళాయి దగ్గరే నిలబడి ఉంది. తను సగం మాట చేరవెయ్యకూడదని, పద్ధతి అని, నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. ఖాళీగా వదిలిన చోట ఆవిడ పూర్తి మాట ఒకటి పెంచుకుంది, తన పేరుతో సహా.

చెప్పాలనుకున్నాడు. పిలవలేదు అక్కా అనాలనుకున్నాడు. అంటే, మరి ఏమన్నారు అని అడుగుతుంది. దానికి జవాబు వదు. అదేం మాట? నిఘంటువులో లేని మాట. భార్యకి మిగిల్చిన ఆస్తి ఒక విరిగిన అక్షరం అని ఎట్లా చెప్పడం?

"మొదలు కోత ఇంకా ఉంది" అని లేచాడు. "పొద్దు వాలకముందు అయిపోవాలి." హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి, డిప్పలు దించుకున్నాడు. అక్క తొడుగులు వేసుకుని వెళ్ళి తన చోట నిలబడింది.

మొదలు కోతే అన్నిటికన్నా జాగ్రత్త పని. కొమ్మ కాండంలో కలిసే చోట చొక్కా కాలరులాగా ఒక మడత ఉంటుంది. ఆ మడత లోపలికి కోస్తే కాండానికే గాయం. బారెడు మొండి వదిలేస్తే అది కుళ్ళి లోపలికి పాకుతుంది. సరిగ్గా ఆ కాలరు అంచున, దాన్ని తాకకుండా కొయ్యాలి. పచ్చటి వాసన వచ్చింది. కోసిన చోటు తడిగా, లేత రంగులో, గుండ్రంగా బయటపడింది. కింద నుంచి ఇంటావిడ, "దానికి రంగో సిమెంటో పుయ్యరా బాబూ? పచ్చిగా చూడలేకపోతున్నాను" అని అరవడం డిప్పల్లోంచి సన్నగా వినబడింది.

అక్క ఏం చెప్పిందో వినబడలేదు. కానీ తెలుసు. పుయ్యకూడదమ్మా, పూస్తే లోపల చెమ్మ నిలిచి కుళ్ళుతుంది, అలా తెరిచి ఉంచితేనే చెట్టు అంచుల నుంచి కండ పెంచుకుని మూసుకుంటుంది. ఏళ్ళు పడుతుంది. పట్టనియ్యండి.

అతను ఆ గుండ్రటి చోటు మీద అరచెయ్యి పెట్టాడు. పని లేదు, ఊరికే. చల్లగా ఉంది.

పుయ్యకూడదని ఇంటావిడకి చెప్పడం తేలిక. తను పూసింది ఏమిటి మరి? ఏమీ అనలేదు అన్న మాట పూశాడు. పద్ధతి ప్రకారమే చేశానని సర్దిచెప్పుకున్నాడు. సగం మాట చేరవెయ్యకు అన్నాడు బావ, నిజమే. కానీ దానికి ముందు మళ్ళీ అనమన్నాడు. తనకి నచ్చిన సగం పట్టుకుని, రెండో సగం వదిలేశాడు. పద్ధతిలో కూడా సగమే విన్నాడు. ఇప్పుడు ఆయన్ని మళ్ళీ అని అడగలేడు. ఆ నోటిని తనకన్నా బాగా ఎరిగిన మనిషి ఒక్కతే ఉంది. నిద్రలో గొణిగినా, జ్వరంలో గొణిగినా, నోట్లో ముద్ద పెట్టుకుని గొణిగినా అర్థం చేసుకున్న మనిషి. ఆవిడకి కూడా తెలియకపోవచ్చు. అప్పుడు ఇద్దరికీ తెలియదు. ఒక్కడికే తెలియకపోవడం కన్నా అది ఎలా ఉంటుందో అతను ఇంతవరకూ ఊహించి చూడలేదు.

కప్పీ విప్పి కిందికి దించాడు. తను దిగాడు. కాళ్ళు నేలకి తగిలినప్పుడు ఎప్పటిలాగే మొదటి రెండడుగులూ నేల మెత్తగా అనిపించింది.

బండాయన ఆఖరి కొమ్మలు మిషన్లో వేసి దాన్ని ఆపేశాడు. రిబ్బను చుట్టుకుంటూ గేటు దాకా వెళ్ళాడు. పెరట్లో మోత పోయింది. రంపప్పొట్టు గడ్డి మీద లేత పసుపుగా పరుచుకుని ఉంది. అక్క ఇటు వీపు పెట్టి, మోచేతికీ అరచేతికీ మధ్య తాడు చుట్టలు వేస్తోంది, బావ వేసినట్టే, ప్రతి చుట్టకీ చిన్నగా మణికట్టు తిప్పి. అతను ఆవిడ వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. బెల్టు విప్పలేదు. డిప్పలు ఎత్తలేదు.

అక్క చుట్టడం ఆపింది. ముఖం తిప్పకుండానే ఏదో అంది.

చిన్న మాట. తాడుతో అన్నట్టు, తనలో తను అన్నట్టు అంది. డిప్పల అవతల అది గాలి కదిలినంత చప్పుడు చేసి ఆగిపోయింది. వినబడలేదు. ఈసారి నిజంగానే వినబడలేదు. తల ఊపి ఊరుకోవచ్చు. సరే అక్కా అని బండి వైపు నడవొచ్చు.

అతను రెండు చేతులూ ఎత్తి, చెవి డిప్పలు పట్టుకుని, పైకి లాగాడు.

"మళ్ళీ" అన్నాడు.